గుమ్మానికి అడ్డంగా కర్ర

మా ఊళ్లో ఇంట్లో ఎవరూ లేకపోతే తలుపుకు తాళం వేయం. గుమ్మానికి అడ్డంగా రోకలి పెట్టి పోతాం. పొన్ను, అంటే ఇనుప కట్టు, ఉన్న కొస కుడివైపు ఉంటే దగ్గర్లోనే ఉన్నాం, ఇప్పుడే వస్తాం అని అర్థం. ఎడమవైపు ఉంటే దూరం పోయాం, పొద్దు గూకాకే వస్తాం అని అర్థం. రోకలి అడ్డం ఉన్న గడపను ఎవరూ దాటరు. టేకులపల్లి దాటాక అడవి దగ్గరపడే చోట ఉంది మా ఊరు. చుట్టుపక్కల ఊళ్లలో తడికకు తాడు కట్టుకుంటారు, ఇప్పుడు తాళాలూ వేస్తున్నారు. పొన్ను ఎటువైపు ఉందో చూసి సంగతి తెలుసుకునేది మా ఊరివాళ్లు మాత్రమే. ఈ ముక్క ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

నాకు డెబ్బై మూడేళ్లు. ఆధార్ కార్డులో డెబ్బై ఒకటి అని ఉంది, అది తప్పు. మా ఆయన బతికి ఉన్నంతకాలం ఎండాకాలంలో బీడీలు చుట్టే తునికాకు కల్లం నడిపేవాడు. అడవి నుంచి కోసుకొచ్చిన ఆకును కట్టలుగా కట్టి తెస్తే లెక్కబెట్టి తీసుకునే చోటును కల్లం అంటారు. పేరు ఆయనది, లెక్క నాది. కట్టకు యాభై ఆకులుండాలి. నలభై ఆరు ఉన్న కట్టను చేత్తో పట్టుకుంటేనే నాకు తెలిసిపోయేది. ఊళ్లో ఇద్దరు కొట్లాడుకుంటే నన్ను పిలిచేవాళ్లు. మాట ఊరికే అననని, ఎట్లా వచ్చిందో చూపించి అంటానని నాకు పేరు.

ఆ పేరు వల్లే నన్ను పట్నం పంపారు.

మా మనవరాలు, నా కూతురి బిడ్డ, ల్యాబ్ టెక్నీషియన్ చదివింది. పట్నంలో ఒక దవాఖానలో ఉద్యోగం వచ్చింది. మా అల్లుడు వద్దన్నాడు. పొద్దున చాయ్ తాగుతూ పేపర్‌ను బిడ్డ ముందుకు నెట్టాడు.

"చూడు. రోజుకో గొలుసు తెంపుడు, రోజుకో కత్తిపోటు. మన ఊళ్లె ఎన్నడన్న ఒక్క కేసయిందా?"

"పట్నంల మంది ఎంత నాన్నా, మన ఊళ్లె మంది ఎంత? మందితోని భాగించి చూడాలె గద."

"నీ భాగాహారాలు నాకు చెప్పకు. కోస్తే నెత్తురు ఒక్కతీరుగనే కారుతది."

"గట్లయితే అమ్మమ్మనడుగు. లెక్క ఆమెకే తెలుసు."

మా అల్లుడు నవ్వి నా వైపు తిరిగాడు. "అవ్. అత్తమ్మ నీతోని వచ్చి పది రోజులుంటది. చూసొచ్చి ఉండనీ అంటే ఉండు. వద్దంటే మూటముల్లె సర్దుకొని రా. ఆమె ఉత్తగ అనదు, లెక్క చూపెడ్తది."

పిల్ల చెప్పింది సబబే. నేను చాన్నాళ్లుగా పేపర్‌లో పట్నం పేజీ చదువుతున్నాను. ఎక్కడ జరిగింది, ఎంత బంగారం పోయింది, పట్టుకున్నారా లేదా అన్నీ వేస్తారు. ఆ రోజు ఏమీ జరగకుండా ఇంటికి చేరినవాళ్లు ఎంతమందో వేయరు. అది లేకుండా లెక్క పూర్తికాదు. అయితే మా ఊరి సంగతి వచ్చేసరికి అల్లుడి మాటకు ఎదురు లేదు. స్టేషన్‌లో మా ఊరి పేరు మీద ఒక్క కేసు లేదు. సున్నాను ఎంతమందితో భాగించినా సున్నాయే.

ఆ సున్నా సున్నా కాదని నాకు తెలుసు. అల్లుడికీ తెలుసు. ఊరందరికీ తెలుసు.

ఒకామె ఉండేది. మొగుడు చనిపోయాడు, పిల్లలు లేరు. మా కల్లానికి ఆకు తెచ్చేది. ఎన్నో ఎండాకాలాలు ఆమె కట్టలు నేను విప్పకుండానే తీసుకున్నాను, మొదటి ఏడాది మాత్రమే విప్పి చూశాను. పసిపిల్లలంటే ఆమెకు పిచ్చి. ఎవరి పిల్ల కనపడ్డా చంకకెత్తుకునేది. ఒక వానాకాలం ఒకే బజారులో పిల్లలకు వరసగా జ్వరాలొచ్చాయి. మూడేళ్లు నిండని ఒక పిల్ల ఖమ్మం దవాఖానకు తీసుకుపోతుంటే ఆటోలోనే ప్రాణం విడిచింది. ముందురోజు ఆ పిల్లను ఈమె ఎత్తుకుందని ఎవరో అన్నారు. ఆ ఒక్క మాటే చాలయింది. సాయంత్రానికి ఈమె మంత్రగత్తె.

నోట్లో ముందు పళ్లు లేకపోతే మంత్రం పలకదని మా వైపు ఒక నమ్మకం ఉంది. ఆదివారం పొద్దున ఊరి మధ్య కూర్చోబెట్టి ఆమెకు నాలుగు పళ్లు పీకారు. నేను ఇంట్లోనే ఉన్నాను. మా ఇంటికి ఆ చోటు మూడు ఇళ్ల అవతల. ఆమె అరుపు ఒకసారే వినపడింది. తర్వాత అంతమంది ఉన్నచోట ఏ చప్పుడూ లేకపోవడం వినపడింది. ఇన్నేళ్లయినా నాకు గుర్తొచ్చేది అరుపు కాదు, ఆ రెండోదే.

పీకిన కటింగ్ ప్లేయర్ మాది. పొలం దగ్గర మోటారు కొట్టంలో మేకుకు వేలాడుతుంది. "అడిగిన్రు, ఇచ్చిన. మోటరు కోసమనుకున్న," అన్నాడు మా అల్లుడు. నేను రెట్టించి అడగలేదు. అది మళ్లీ అదే మేకుకు చేరింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

తెల్లవారి చూస్తే ఆమె లేదు. గుమ్మానికి అడ్డంగా రోకలి ఉంది. పొన్ను ఎడమవైపు.

పొద్దు గూకాక వస్తానని చెప్పి పోయినట్టు.

ఆ రోకలిని ఎవరూ తీయలేదు, ఆ గడపను ఎవరూ దాటలేదు. వానలకు గోడ కూలింది, కప్పు కూర్చుంది, చెదలు పట్టింది. పొన్ను మాత్రం తుప్పు పట్టి అట్లాగే ఎడమవైపు పడి ఉంది. పొద్దు వాలితే ఆ సందులో ఎవరూ నడవరు. ఆ తర్వాత ఏ పిల్లకు జ్వరమొచ్చినా, ఎవరి బర్రె ఈనలేక చచ్చినా, ఆమే ఎక్కడినుంచో చేస్తుందన్నారు. మొన్నటి ఏడాది కూడా మా అరుగు మీద కూర్చుని ఒకాయన అన్నాడు, "యాడున్నదో తెలిస్తే ఒక్కపూటల తేల్చొద్దుము." ఆయన అది నవ్వుతూ అనలేదు. పళ్లు పీకినా ఆమె పని ఆగలేదంటే ఈసారి ఏం పీకాలో వాళ్లు మాట్లాడుకుంటూనే ఉన్నారు.

మా ఊరివాళ్లు ఎవరు ఏ ఊరు పోయి వచ్చినా ముందు అడిగే మాట ఒకటుంది. "మనోళ్లెవరన్న కనపడ్డరా?" ప్రేమతో అడిగేదే. ఆమె పోయినప్పటి నుంచి ఆ మాట వినపడితే నేను పని ఉందని లోపలికి లేచిపోతాను.

పట్నంలో మనవరాలికి దొరికిన గది ఒక పాత బస్తీలో, ఒక ముస్లిం పెద్దావిడ ఇంటి మీద. కిరాయి మాట్లాడటానికి ముందే ఆవిడ నా మెడ చూసింది.

"గొలుసు కొంగు లోపలికి ఏస్కో అమ్మా. కెమెరా పెట్టిన్రు గల్లీల. దొంగ కూడ సక్కగ కనపడుతడు, దొరకడు."

"మీ ఇంట్లో ఎప్పుడన్నా పోయిందా?" అని అడిగాను.

"రెండు కోళ్లు, ఒక అల్లుడు," అని పకపకా నవ్వింది. "అల్లుడు దుబాయ్ పోయిండు లే."

పొద్దున పిల్ల డ్యూటీకి పోయాక నేను బయల్దేరేదాన్ని. ఏ సందులో దీపాలున్నాయి, ఏ దుకాణం ఎంతసేపు తెరిచి ఉంటుంది, ఏ మలుపులో ఎప్పుడూ మనిషి అలికిడి ఉంటుంది, ఎక్కడ ఉండదు, అన్నీ చూశాను. పిల్ల బస్సు దిగేచోటు నుంచి గది దాకా రెండు దారులున్నాయి. ఒకటి దగ్గర, కాని మధ్యలో ఖాళీ జాగా ఉంది. ఇంకోటి చుట్టు, కాని పొడుగునా ఇళ్లున్నాయి. ఇళ్లున్న దారినే రమ్మని పిల్లకు గట్టిగా చెప్పాను. సరేనంది. ఆ రోజు నుంచే అట్లా రావడం మొదలుపెట్టింది.

గురువారం పొద్దున ఆ దారినే మళ్లీ చూసుకుంటూ పోతున్నాను. వరసగా ఒంటిగది ఇళ్లు. మూసిన ప్రతి తలుపుకూ తాళం ఉంది. ఒక తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది. గుమ్మానికి అడ్డంగా ఇల్లు తుడిచే కర్ర పెట్టి ఉంది, నీలం రంగు ప్లాస్టిక్‌ది. గుడ్డ ఉన్న కొస కుడివైపు.

ఇక్కడ ఎవరూ ఇట్లా పెట్టరు. ఆ కర్ర నేను చదవడానికే పెట్టినట్టుంది. దగ్గర్లోనే ఉన్నాను, ఇప్పుడే వస్తాను.

ఎదురింటి మెట్టు మీద కూర్చున్నాను. వెళ్లిపోదామని ఒకసారి లేచాను, మళ్లీ కూర్చున్నాను.

ఆమె వచ్చింది. చంకలో ఒక పసిదాన్ని ఎత్తుకుని, చేతిలో పాల ప్యాకెట్లు పట్టుకుని వచ్చింది. జుట్టు నెరిసింది, ఒళ్లు కొంచెం వచ్చింది. నడక అదే. నన్ను చూసి ఆగిపోయింది. ఏం చేయాలో తోచనప్పుడు మనిషి మర్యాదే చేస్తుందేమో, పళ్లు కనపడేటట్టు నవ్వింది. నాలుగూ ఉన్నాయి. తెల్లగా, వరసగా, ఆమె వయసుకు సరిపోకుండా ఉన్నాయి.

"ఎవరు పంపిన్రు అమ్మా?"

"ఎవరూ పంపలేదు. నా మనవరాలి కోసం వచ్చాను. నువ్వు ఇక్కడున్నావని నాకు తెలియదు."

"ఎన్క ఎవరన్న ఉన్నరా?"

"లేరు."

ఆమె సందు చివరిదాకా చూసి, అప్పుడు కర్ర తీసి లోపలికి రమ్మంది.

గదిలో చీరతో కట్టిన ఉయ్యాలలు మూడు. రెండింట్లో పిల్లలు నిద్రపోతున్నారు. చంకలోదాన్ని మూడోదాంట్లో పడుకోబెట్టింది. ఆ బస్తీలో ఆడవాళ్లు ఎక్కువమంది పనులకు పోతారు. పిల్లలను ఈమె దగ్గర దింపి పోతారు. నేను కూర్చునేలోపలే ఒకమ్మాయి హడావిడిగా వచ్చి, "ఆయమ్మా, రాత్రి సరిగ పండుకోలే, జర చూడు," అంటూ చేతిలో బిడ్డను అందించి, ఈమె మొహం వైపైనా చూడకుండా పరుగెత్తింది. బిడ్డ ఏడవలేదు. ఆమె భుజం మీద తల పెట్టుకుంది, రోజూ పెట్టుకునే చోటని తెలిసినట్టుగా.

ఆ ఆదివారానికి ముందు మూడు రోజులు మా ఊరి తల్లులు ఈమె వస్తుంటే పిల్లల మొహాల మీద కొంగు కప్పేవాళ్లు.

గ్లాసుతో నీళ్లిచ్చింది. నేను తాగుతున్నంతసేపూ నా గొంతు వైపే చూసింది. ఖాళీ గ్లాసు ఇస్తే రెండు చేతులా తీసుకుంది.

ఏదో అడగాలి కదా అని అడిగాను. "ఇక్కడ భయం లేదా? దొంగలు, తాగుబోతులు?"

"ఉన్నరు. మొన్న ఉగాదికి ముంగట నా ఫోను గుంజుకపోయిండొకడు. చెయ్యి గీరుకపోయింది." మోచేయి చూపించింది. "పోనీ అమ్మా. వాడు ఫోను కోసం వచ్చిండు, నా కోసం రాలే."

"కేసు పెట్టావా?"

"పెట్టిన. రాసుకున్నరు. పేరడిగి రాసుకున్నరు." ఆ మాట రెండోసారి అన్నప్పుడు ఆమె గొంతులో ఒక గర్వం వినపడింది. "ఈడ ఎవరికెవరు తెల్వదు. మా అయ్య ఎవరు, మొగుడెట్ల సచ్చిండు, ఎవ్వరడగరు. పిల్ల కడుపునిండ పాలు తాగిందా, గంతే. గిట్ల బతుకొచ్చని నాకు ఎరుక లేకుండె."

నేను గుమ్మం వైపు చూశాను. ఆమె కూడా చూసింది.

"ఇక గుమ్మానికి కర్ర అడ్డం పెట్టకు," అన్నాను. "నా మనవరాలు ఈ దారినే దవాఖానకు పోతుంది. ఇక రోజూ పోతుంది. దానికి నీ మొహం గుర్తుండదు, చిన్నపిల్ల అప్పటికి. కాని గుమ్మానికి కర్ర అడ్డం చూస్తే మన ఊరని తెలుస్తుంది. ఎవరో మనోళ్లే అని సంతోషంగా లోపలికి వస్తుంది. ఇంటికి ఫోన్ చేసి చెప్తుంది."

ఆమె గోడకు ఆనించిన కర్ర వైపు చూసింది. "చేతికి అలవాటమ్మా. నేను పెట్టిన్నని నాకే యాదుండదు. ఊరిది నా దగ్గర ఏం లేదనుకున్న. పేరు మార్చుకున్న, మాట మార్చుకున్న. గిదొక్కటి ఉన్నదని తెల్వలే."

చేతిలో బిడ్డను ఇంకో భుజం మీదికి మార్చుకుంది. తర్వాత నన్ను సూటిగా అడిగింది.

"ఊరికి పోతే చెప్తవా?"

"చెప్పను."

"నిన్ను అడుగుతరు. మనోళ్లెవరన్న కనపడ్డరా అని అడుగకుంట ఉండరు. అబద్ధం ఆడంగ నిన్ను నేను ఎన్నడు చూడలే. నలభై తొమ్మిది ఉంటే యాభై అన్న రోజు లేదు నీకు. ఏం చెప్తవు?"

చెప్పను అని ఇంకోసారి అన్నాను, అంతే. ఆమె తల ఊపింది. నా మాట నమ్మి ఊపిన తల కాదది. నా గురించి తనకు తెలిసినదాన్ని లెక్క వేసుకుంటూ ఊపింది. ఆమెను తప్పుపట్టడానికి ఏముంది? ఆమె చోట నేనున్నా అట్లాగే లెక్క వేసేదాన్ని.

గదికి వచ్చి చాలాసేపు కూర్చున్నాను. పట్నంలో ప్రమాదం ఎంత ఉందో చూడటానికి వచ్చాను. అన్ని సందులూ తిరిగాను. ఆ బస్తీలో ఆ ఆడమనిషికి ఇన్నేళ్లలో ఎదురుపడిన అన్నిటికంటే పెద్ద ప్రమాదాన్ని ఆ రోజు చూశాను. తెల్లచీర కట్టుకుని, గొలుసు కొంగు లోపలికి వేసుకుని, ఎదురింటి మెట్టు మీద కూర్చుని ఉంది.

శనివారం మళ్లీ ఆ సందులోకి పోయాను. ఇంకొక్క మాట చెప్పి ధైర్యం ఇద్దామని. తలుపు మూసి ఉంది. కొత్త తాళం. గుమ్మం ముందు ఇద్దరు తల్లులు చంకల్లో పిల్లలతో నిలబడి ఒకరినొకరు అడుగుతున్నారు. మొన్న బిడ్డను అందించి పరుగెత్తిన అమ్మాయి, పనికి ఆలస్యమవుతుందని ఏడుపు మొహం పెట్టింది. గురువారం పొద్దున నేను చూసిన ఆ బిడ్డ తలుపు వైపు చెయ్యి చాపి ఊరుకోవడం లేదు.

గదికి వచ్చి మా ఇంటి పెద్దావిడను అడిగాను.

"ఆయమ్మా? ఖాళీ చేసింది. ఇయ్యాల పొద్దుగాలనే, సామాను ఆటోల ఏస్కొని. అడ్వాన్సు వాపస్ కూడ అడగలేదంట. యాడికంటే చెప్పలే. పాపం, పిల్లలు బాగ అలవాటున్నరు. ఏమయిందో!" ఆవిడ నా మొహం చూసింది. "నీకు తెల్సా అమ్మా ఆమె?"

"తెలియదు," అన్నాను. నా జీవితంలో అది మొదటి అబద్ధం. రెండోది మా ఊళ్లో నా కోసం కాచుకుని ఉంది.

బస్సు దిగి ఇల్లు చేరేసరికి సాయంత్రం నాలుగు. మా గుమ్మానికి రోకలి అడ్డంగా ఉంది, పొన్ను కుడివైపు. కూతురు పక్కింట్లో ఉంది. దాన్ని దాటడానికి నాకు కాలు రాలేదు. అరుగు మీదే కూర్చున్నాను. మా అల్లుడు పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే అడిగాడు.

"అయితే ఎట్లుంది అత్తమ్మా? మనోళ్లెవరన్న కనపడ్డరా?"

"లేదు," అన్నాను.

"పిల్లనేం చేద్దాం మరి?"

"ఉండనీ. అక్కడే ఉండనీ."

"లెక్క చెప్పు మరి. గన్ని రోజులు తిరిగినవు."

నా దగ్గర లెక్క ఉంది. అంత నిక్కమైన లెక్క నేను కల్లంలో కూడా ఎప్పుడూ వేయలేదు. ఇటు నాలుగు వందల గడప, అటు ఎంతో చెప్పలేనంత జనం. ఇటు రాయని ఒక్కటి, అటు రాసినవి అన్ని. పట్నంలో పేరడిగి రాసుకున్నారన్న ఆ గొంతు. కాని దాన్ని చూపించాలంటే ఆమెను చూపించాలి.

"లెక్క లేదు," అన్నాను. "నా మాట మీద ఉండనీ."

మా అల్లుడు పెద్దగా నవ్వాడు. పక్కింటి వైపు తిరిగి పెళ్లానికి కేక వేశాడు. "విన్నవా? మీ అమ్మ లెక్క లేకుంట మాట్లాడుడు గిదే మొదలు. పట్నం నీళ్లు పడ్డయి ఆమెకు!" తర్వాత నవ్వు ఆపి నా వైపు కొంచెంసేపు చూశాడు. ఏమనుకున్నాడో నాకు తెలియదు. కాని పిల్లను ఉండనిచ్చాడు.

ఇప్పుడు పిల్ల అక్కడే ఉంది. ఇళ్లున్న దారినే పోతుంది, వస్తుంది. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. మా అల్లుడు స్పీకర్ పెట్టి అరుగు మీద కూర్చుంటాడు. నేను లోపల బియ్యం చేటలో పోసుకుని రాళ్లు ఏరుతుంటాను. తిన్నవా, జీతం పడ్డదా, డ్యూటీ యాళ్లకు అయిపోతున్నదా అని అడిగి, చివరకు ఆ మాట అడుగుతాడు. అందరూ అడిగేదే, ప్రేమతో అడిగేదే.

"మనోళ్లెవరన్న కనపడ్డరా బిడ్డా?"

నా చేతులు చేటలో ఆగిపోతాయి. ఆమె ఏ బస్తీకి పోయిందో నాకు తెలియదు. ఆ చేతికి ఆ అలవాటు పోయిందో లేదో తెలియదు. పట్నం పెద్దదని, అందులో ఒక గుమ్మం దొరకడం కష్టమని నాకు నేను చెప్పుకుంటాను. నాకు ఎన్నాళ్లలో దొరికిందో నాకు గుర్తుంది.

ఫోన్‌లో బస్సుల చప్పుడు వినిపిస్తుంది. పిల్ల ఎవరితోనో ఏదో అని, మళ్లీ ఫోన్‌లోకి వస్తుంది.

"ఎవ్వరు కనపడలే నాన్నా," అంటుంది.

అప్పుడు మళ్లీ రాళ్లు ఏరడం మొదలుపెడతాను.